పెద్దవాళ్ల వైద్యానికి ఏ కార్డు? కార్డున్నా డబ్బు ఎక్కడ పోతోంది?

పెద్దాయనకు గుండెలో స్టెంట్ వేశారు. కార్డు మీద అయింది కాబట్టి డిశ్చార్జి రోజున కౌంటర్లో కట్టింది సున్నా. ఆర్నెల్లు పోయాక మంచం కింది అట్టపెట్టె తీసి మందుల చీటీలు, ల్యాబు రసీదులు, విశాఖ వెళ్లొచ్చిన బస్సు టిక్కెట్లు కూడితే వేలల్లో తేలుతుంది. "అంతా ఫ్రీ అన్నారు కదా" అని ఇంట్లో గొడవ. అబద్ధం ఎవరూ చెప్పలేదు. కార్డు కట్టేది పడక బిల్లు, అంటే ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు. వయసు మీద పడ్డాక జేబుకు చిల్లు పెట్టేది నెలనెలా వచ్చే మందుల బిల్లు. ఈ రెంటినీ ఒకే గాట కట్టి కార్డు ఎంచుకుంటే లెక్క తప్పుతుంది.

ఈ తేడా మన జిల్లాకు కొత్త కాదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు శ్రీకాకుళం జిల్లాలోనే మొదలైంది. ఆ మొదటి విడతలో తొలి తొమ్మిది నెలల ఫలితాన్ని లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2012లో వచ్చింది. ఆసుపత్రిలో చేరినప్పుడు జనం సొంతంగా పెట్టే ఖర్చు బాగానే తగ్గిందనీ, ఓపీ ఖర్చు అంతగా తగ్గలేదనీ, కుటుంబాన్ని కుదేలు చేసే భారీ ఖర్చుల విషయంలో స్పష్టమైన మార్పు కనబడలేదనీ అది తేల్చింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావాళ్లంత మేలు అందలేదని కూడా చెప్పింది. దేశం మొత్తం మీద చూస్తే, వైద్యం ఖర్చులో జనం జేబులోంచి పోయే వాటా 2013-14లో 64.2 శాతం ఉండేది, 2021-22కి 39.4 శాతానికి దిగింది. తగ్గిన మాట నిజమే. మిగిలిన ఆ 39 శాతం ఎవరిదని మన ఊళ్లో అడిగితే, ముందు చెయ్యెత్తేది షుగరూ బీపీ ఉన్న ముసలివాళ్లే.

ముందుగా మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి. ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు గత రెండేళ్లలో ఆసుపత్రిలో చేరినప్పుడు అయిన ఖర్చు, కుడివైపు నెలవారీ మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజు, రాకపోకలు రాయండి. నెలకు 1,800 మందులకు పోతోందనుకుంటే ఏడాదికి 21,600, పదేళ్లకు 2,16,000. చాలా ఇళ్లలో కుడివైపే బరువెక్కువ. అలాంటి ఇంటికి ఇంకో కార్డు తీసుకున్నంత మాత్రాన పెద్దగా ఒరిగేది ఉండదు. మందులు తెచ్చుకునే చోటు మార్చుకోవాలి. ఎడమవైపు బరువుంటే అప్పుడు కార్డుల సంగతి చూడాలి.

రేషన్ కార్డు వేరు, వైద్యసేవ వేరు

ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నది పాత ఆరోగ్యశ్రీయే. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది కానీ జనం నోట్లో "ఆరోగ్యశ్రీలో ఎక్కుతాదా?" అన్న మాటే ఉండిపోయింది. కుటుంబానికి ఏడాదికి 25 లక్షల దాకా పరిమితి, 3,257 రకాల చికిత్సలు. పరిమితిని 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచింది 2023 డిసెంబరులో.

ఎక్కువమంది తప్పు పడేది అర్హత దగ్గర. బియ్యం కార్డు రద్దయితే వైద్యసేవ కూడా పోయిందనుకుని సచివాలయం వైపు వెళ్లడమే మానేస్తారు. బియ్యం కార్డుకు పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 ఆదాయం హద్దు. వైద్యసేవకు మాత్రం కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే చాలు. పొలం పల్లమైతే 12 ఎకరాలు, మెట్టయితే 35 ఎకరాల లోపు, సొంత కారు ఒకటి ఉన్నా ఫరవాలేదు. కరెంటు బిల్లు 300 యూనిట్లు దాటి బియ్యం కార్డు పోగొట్టుకున్న నరసన్నపేట వ్యాపారి తండ్రికి వైద్యసేవ రావచ్చు. అడిగితేనే తెలుస్తుంది.

సొంత బిడ్డలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడ్డ ఇళ్లలో ఇంకో చిక్కుంది. ప్రభుత్వ లెక్కలో అమ్మానాన్నలు కొడుకు కుటుంబంలో కలిసి ఉంటే, అతని జీతమే వాళ్ల ఆదాయమవుతుంది. ఊళ్లో వేరే పొయ్యి పెట్టుకుని బతుకుతున్నా ఆ సంగతి కంప్యూటరుకు తెలియదు. సచివాలయంలో కుటుంబ వివరాల మ్యాపింగ్ ఎలా ఉందో ఒకసారి చూపించుకోవాలి. ఆసుపత్రిలో పడ్డాక విడదీయాలంటే ఆ రోజుకి ఆ పని అవదు.

డెబ్బై నిండితే ఆదాయం అడగరు

కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు షరతు ఒక్కటే: ఆధార్ ప్రకారం 70 ఏళ్లు నిండాలి. జీతం, పొలం, కారు, ఇల్లు ఏదీ అడగరు. ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, ఎదురుచూసే గడువు లేదు. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి పంపాక 15 రోజుల మందులు, పరీక్షలు ప్యాకేజీలోనే. ఓపీ లేదు. ఈ చివరి మాట పదే పదే గుర్తుచేసుకోండి.

ఒక ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ఒకరి బైపాస్‌కే చాలా భాగం పోతే రెండోవారికి మిగిలేది తక్కువ. మరోవైపు, కుటుంబానికి ఇదివరకే ఆయుష్మాన్ భారత్ ఉంటే ఈ 5 లక్షలు దానికి అదనం. కొడుకూ కోడలూ పిల్లలూ ఇందులో చెయ్యి పెట్టలేరు.

మరి వైద్యసేవ ఉన్నా లేకున్నా ఇది తీసుకోవాలా? తీసుకోండి. ఖర్చేమీ లేదు, పైగా మూడు చోట్ల అక్కరకొస్తుంది.

మొదటిది రాష్ట్రం దాటినప్పుడు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి వాళ్లకు విశాఖ రెండు వందల కిలోమీటర్లకు పైనే, ఒడిశాలోని బరంపురం అంతకంటే చాలా దగ్గర. అత్యవసరానికి అటువైపే పరుగెత్తడం తాతల నాటి నుంచీ ఉన్నదే. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కాబట్టి అక్కడ ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో వయ వందన కార్డు పనిచేస్తుంది. చెన్నైలోనో ముంబైలోనో కొడుకు దగ్గర మూడు నెలలుండి వచ్చే అమ్మకూ ఇదే వర్తిస్తుంది.

రెండోది రాష్ట్ర పథకంలో సేవలు ఆగినప్పుడు. బకాయిల వివాదంతో 2025 అక్టోబరులో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు వైద్యసేవ కేసులు ఆపేశాయి. ఆంధ్రాలో రెండు పథకాలూ చాలావరకు ఒకే ఆసుపత్రుల మీద నడుస్తాయి గనుక ఇక్కడ రెండో కార్డు పూర్తి రక్ష అని చెప్పను. పక్క రాష్ట్రం దారి మాత్రం తెరిచి ఉంటుంది. అలాంటి రోజుల్లో శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి (జనం మాటల్లో ఇప్పటికీ రిమ్స్), విజయనగరం సర్వజన ఆసుపత్రి, విశాఖ కేజీహెచ్, ఈ మూడూ ఎప్పుడూ ఉన్న దారులు. క్యాన్సర్ అని తేలితే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి సంగతి మొదటే కనుక్కోండి. టాటా మెమోరియల్ వాళ్లు నడిపేది, ముంబై పోనక్కరలేదు.

మూడోది ఆదాయం 5 లక్షలు దాటిన ఇళ్లు. వైద్యసేవ అందని, పెన్షనూ లేని పెద్దలకు ఇంతకంటే మంచి బేరం లేదు.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పచ్చజెండా ఊపిన కొత్త విధానంలో ఏడాదికి 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా వైద్యసేవ నడిపే ప్రభుత్వ ట్రస్టు భరించాలన్నది ఏర్పాటు. అది నడిచేచోట మీ కేసు అనుమతి ఎవరి దగ్గరికి పోయిందన్నది అడగాల్సిన ప్రశ్న అవుతుంది: కంపెనీకా, ట్రస్టుకా?

వేళ్ల మీద గీతలు అరిగిపోతే

వయ వందన కార్డుకు ఆధార్ ఈ-కేవైసీ తప్పదు. ఆయుష్మాన్ యాప్‌లో ఇంట్లోనే చేసుకోవచ్చు, లేదా కామన్ సర్వీస్ సెంటరుకు పోవచ్చు. చిక్కులు రెండు.

పలాసలో ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టిన ఆడవాళ్ల చేతులు చూడండి. జీడి రసం తగిలి తగిలి వేలికొసలు నల్లబడి, పెచ్చులూడి, గీతలు చెరిగిపోయి ఉంటాయి. మెషీన్ మీద పది వేళ్లూ మార్చి మార్చి పెట్టినా "మ్యాచ్ కాలేదు" అనే వస్తుంది. పొలం పని, వలల పని చేసినవాళ్లదీ ఇదే తంతు. వేలిముద్ర ఒక్కటే దారి అనుకుని వెనక్కి వచ్చేయకండి. ఆధార్‌కు ఫోను నంబరు కలిసి ఉంటే ఓటీపీతో అవుతుంది. లేకపోతే ముఖం చూపించి చేసే పద్ధతి, కంటిపాప స్కాను ఉన్నాయి. ముఖం పద్ధతికి వెలుతురు ఎదురుగా ఉండాలి, కళ్లద్దాలు తీయాలి, కనురెప్ప ఆడించమంటే ఆడించాలి. శుక్లం ఆపరేషన్ అయిన వారానికే కంటిపాప స్కానుకు తీసుకుపోకండి.

రెండోది పుట్టిన తేదీ. మన పెద్దలకు బడి సర్టిఫికెట్లు ఎక్కడివి? ఆధార్ దింపిన రోజున ఆపరేటరు మొహం చూసి వయసు వేసేశాడు. డెబ్బై ఐదేళ్ల మనిషి ఆధార్‌లో అరవై ఆరు. పుట్టిన తేదీ మార్పు ఒక్కసారే ఒప్పుకుంటారు, రుజువు కావాలి, ఫీజు 75 రూపాయలు. ఆ ఒక్క అవకాశాన్ని తొందరపడి తప్పు తేదీతో వాడేసుకుంటే మళ్లీ సరిదిద్దడం పెద్ద తలనొప్పి. వృద్ధాప్య పింఛను కూడా ఈ తేదీ మీదే ఆధారపడుతుంది కాబట్టి మార్చే ముందు సచివాలయంలో ఆ సంగతీ అడగండి.

పెన్షన్ ఉన్నవాళ్లకు లెక్క వేరు

మాజీ సైనికులు శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ఎక్కువ. వాళ్లకు ఈసీహెచ్ఎస్ అనే సొంత వైద్య పథకం ఉంటుంది. వయ వందన రాగానే కొందరు "ఇదీ చేయించేద్దాం" అని తయారవుతున్నారు. ఆగండి. ఈసీహెచ్ఎస్, సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల వైద్య పథకం), పారామిలిటరీ పథకం ఉన్నవాళ్లు రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఈసీహెచ్ఎస్‌లో పాలీక్లినిక్‌కు వెళితే డాక్టరు చూస్తాడు, షుగరు మందులు, బీపీ మందులు నెలనెలా ఇస్తారు. అంటే పైన కాగితం మీద రాసిన కుడివైపు ఖర్చును కూడా మోస్తున్న పథకం అది. 5 లక్షల హద్దున్న, ఓపీ లేని కార్డు కోసం దాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. పాలీక్లినిక్‌లో ఫలానా మందు లేదన్న విసుగుతో పథకం మార్చుకునేవాళ్లకు కూడా ఇదే జవాబు: లేని మందును బయట కొని బిల్లు పెట్టుకునే పద్ధతి ఏమిటో అక్కడే అడిగి తెలుసుకోండి.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లలో శ్రీకాకుళం, విజయనగరంలో ఉండేవాళ్లకు సీజీహెచ్ఎస్ వెల్‌నెస్ సెంటరు విశాఖలో. నెలనెలా మందుల కోసం అంత దూరం వెళ్లలేని వాళ్లు, ఓపీ సౌకర్యం తీసుకోకుండా నెలకు 1,000 రూపాయల స్థిర వైద్య భత్యం తీసుకోవచ్చు. నెలకు 1,000 లోపు మందులతో సరిపోయే మనిషికి భత్యమే మేలు. గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్లకు బస్సు ఛార్జీ పోయినా సెంటరే మేలు. పదేళ్ల చందా ఒకేసారి కడితే సీజీహెచ్ఎస్ కార్డు జీవితాంతం ఉంటుంది. రైల్వే పెన్షనర్లు రైల్వే వైద్యానికి కావాల్సిన ఉమీద్ కార్డు చేయించుకోకుండా వదిలేస్తున్నారు. పలాస, విజయనగరం లాంటి రైల్వే ఊళ్లలో అది ముందు చూసుకోవాల్సిన పని.

రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు, కుటుంబ పెన్షన్ తీసుకునే భార్యలకు ఈహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది. భర్త పోయాక ఆమె పేరు కుటుంబ పెన్షనరుగా ఈహెచ్ఎస్‌లో మారిందా లేదా అన్నది ఎవరూ చూడరు, ఆసుపత్రిలో కార్డు తెరుచుకోనప్పుడు తెలుస్తుంది. ట్రెజరీకి కాగితాలు పెట్టిన రోజే ఇదీ చూసుకోండి.

ఇక ఎవరూ చెప్పనిది ఈఎస్ఐ. నెల్లిమర్ల, రాజాం జూట్ మిల్లుల్లోనూ, గరివిడి ఫెర్రో అల్లాయ్స్ వైపూ పనిచేసి రిటైరైన కార్మికులు వేలల్లో ఉంటారు. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ కట్టి, వయసు నిండి రిటైరైతే ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. నెలకు పది రూపాయలు. ఓపీ, మందులు కూడా అందులోనే. ఇంత చవక పథకం ఇంకోటి లేదు, అయినా రిటైరైన రోజుతో అంతా అయిపోయిందనుకుని కార్డును బీరువాలో పడేస్తారు. మిల్లు మూతపడి మధ్యలో మానేసినవాళ్ల లెక్క వేరుగా ఉంటుంది, బ్రాంచి ఆఫీసులో బీమా నంబరు చూపించి అడగాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు డెబ్బై నిండాక వయ వందన కూడా తీసుకోవచ్చు, రెండింట్లో ఒకటి వదులుకోనక్కరలేదు. డిస్పెన్సరీలో నెల మందులు, పెద్ద ఆపరేషన్‌కు రెండో కార్డు: మిల్లు కార్మికుడికి ఇదే మంచి జోడీ.

ప్రైవేటు పాలసీ కొనాలా?

వైద్యసేవ గానీ వయ వందన గానీ ఉన్న ఇంటికి, నెలకు వచ్చేది పింఛను డబ్బే అయితే, వద్దు. అరవై ఆరేళ్లుండి, వైద్యసేవ అర్హత లేక, డెబ్బై నిండక మధ్యలో ఇరుక్కున్నవాళ్లకు మాత్రం ఆలోచించాల్సిన విషయమే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. వయసు ఎక్కువన్న కారణంతో పాలసీ అమ్మకుండా ఉండే పాత 65 ఏళ్ల గీతను 2024లో ఎత్తేశారు. ఉన్న జబ్బులకు గడువు గరిష్ఠంగా 36 నెలలు. ఇక్కడే ఆగి లెక్కేయండి: ఇప్పుడు 67 ఏళ్లుండి షుగరున్న మనిషికి ఆ 36 నెలలు నిండేసరికి 70 వస్తుంది, అప్పటికి వయ వందన ఉచితంగా వస్తుంది. మూడేళ్ల ప్రీమియం కట్టింది ఆ మధ్యలో వచ్చే కొత్త జబ్బులకూ ప్రమాదాలకూ మాత్రమే అని తెలిసే కట్టాలి.

పాలసీ కాగితంలో రెండు గీతల కింద వేలు పెట్టి చూడండి: కో-పే (బిల్లులో మీరు పెట్టుకోవాల్సిన వాటా), గది అద్దె పరిమితి. 5 లక్షల పాలసీ, గది అద్దె రోజుకు 5,000 హద్దు, కో-పే 20 శాతం అనుకుందాం. విశాఖలో రోజుకు 8,000 గదిలో చేరారు. బిల్లు 2,00,000. అందులో మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు 80,000. గది, డాక్టరు, థియేటరు ఛార్జీలు 1,20,000. గది హద్దు దాటినందుకు ఆ 1,20,000ని ఎనిమిదింట ఐదు వంతులకు కోస్తారు, 75,000 అవుతుంది. మందులూ పరీక్షలూ ఈ కోతలోకి రావు. మొత్తం 1,55,000. అందులో 20 శాతం, అంటే 31,000, మళ్లీ మీదే. కంపెనీ కట్టేది 1,24,000, మీ చేతి నుంచి 76,000. అదే 5,000 గదిలో చేరి బిల్లు అంతే అయ్యుంటే 40,000తో పోయేది. "అమ్మకు ఏసీ గది ఇప్పించండి" అన్న ప్రేమకు పడిన అదనపు ధర 36,000. ఏజెంటు ఈ లెక్క చెప్పడు. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోగా నచ్చకపోతే తిప్పి పంపే హక్కు ఉంది, ఆ నెలలోనే ఈ రెండు గీతలూ చదవండి.

పన్ను కట్టే పిల్లలకు ఒక మాట. పాత పన్ను విధానంలో ఉంటే 60 దాటిన తల్లిదండ్రుల ప్రీమియానికి ఆదాయపు పన్నులో 50,000 దాకా మినహాయింపు. వాళ్లకు పాలసీ ఏదీ లేకపోతే అదే 50,000 వరకు మందులు, వైద్యం ఖర్చుకు చూపించుకోవచ్చు. కానీ డబ్బు చేతికి కాకుండా ఫోన్‌పే, కార్డు లాంటి దారిలో కట్టి బిల్లు దాచాలి.

నెల మందులు: అసలు పోరు ఇక్కడ

ఏ ఆసుపత్రి కార్డూ తాకని ఖర్చు ఇది. దారులు రెండు: పీహెచ్‌సీ లేదా ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం, జనఔషధి దుకాణం. షుగరు, బీపీ మాత్రలు పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు, 104 బండి ఊళ్లోకి వచ్చిన రోజు అక్కడా ఇస్తారు. జనఔషధిలో బ్రాండు ధర కంటే 50 నుంచి 80 శాతం తక్కువ.

మరి ఇంత ఉన్నా జనం ప్రైవేటు మందుల షాపులోనే ఎందుకు కొంటున్నారు? రంగు. పీహెచ్‌సీ మాత్ర ఒకసారి తెల్లగా, ఇంకోసారి గులాబీ రంగులో వస్తుంది. పెద్దావిడ "ఇది నా మాత్ర కాదు" అని మానేస్తుంది, లేదా పాతది కూడా ఇంట్లో ఉంది కదా అని రెండూ మింగుతుంది. రెండో తప్పు ప్రమాదం. టెల్మిసార్టన్ 40 అని రాసిన రెండు కంపెనీల అట్టలు ఒకే డబ్బాలో ఉంటే బీపీ పడిపోయి తెల్లవారుజామున లేవగానే కళ్లు తిరిగి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. అక్కడి నుంచి మళ్లీ పడక బిల్లు. అట్ట మీద పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాకుండా, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చూసి కలపాలి.

ఇంకో అడ్డంకి జోడు మాత్రలు. ప్రైవేటు డాక్టరు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన ఒకే మాత్ర రాస్తాడు. పీహెచ్‌సీలో అవే రెండూ విడివిడిగా ఉంటాయి, "ఈ మందు లేదు" అంటారు. డాక్టరును రెండు మందులూ విడివిడిగా, మందు పేర్లతో రాసిమ్మని అడగండి. చాలామంది రాస్తారు. ఆ చీటీతో పీహెచ్‌సీకి వెళితే సగం దొరుకుతాయి, మిగతావి జనఔషధిలో. స్టెంట్ పడ్డవాళ్లు రక్తం పలచబడే మాత్రను మాత్రం డాక్టరు చెప్పకుండా మార్చకూడదు, ఒక్కరోజు కూడా ఆపకూడదు.

ఆర్‌ఎంపీ దగ్గర నెలకో సెలైను బాటిలు, బలానికి సూదిమందు పెట్టించుకోవడం కూడా ఈ కుడివైపు ఖర్చే. షుగరున్న మనిషికి గ్లూకోజు ఎక్కించి సంచి ఖాళీ చేయించుకోవడం కంటే వృథా ఖర్చు లేదు.

కంటి శుక్లానికి డబ్బు కట్టాల్సిన పనే లేదు. అంధత్వ నివారణ కార్యక్రమం కింద, విశాఖ శంకర్ ఫౌండేషన్ లాంటి చోట్ల ఉచితంగా చేస్తారు. ఖరీదైన లెన్సు అంటగడితే తప్ప.

డయాలసిస్: చికిత్స ఉచితం, దారి కాదు

ఉద్దానంలో దీన్ని విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. డయాలసిస్ వైద్యసేవ కింద ఉచితం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో మొదలైంది. డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను. మామూలు వృద్ధాప్య పింఛను 4,000.

అయితే వారానికి మూడుసార్లంటే నెలకు 12, 13 ప్రయాణాలు. రోగికీ తోడు మనిషికీ కలిపి రానూపోనూ ఆటో 200 అనుకుంటే 2,400 నుంచి 2,600. తోడు వచ్చినవాడి కూలి పోవడం ఈ లెక్కలో లేదు. అందుకే ఆసుపత్రి పేరు కంటే మీ ఇంటికి దగ్గర్లో, మీకు వీలైన షిఫ్టులో మెషీన్ ఖాళీ ఉన్న కేంద్రం చూసుకోవడం ముఖ్యం. తెల్లవారుజాము షిఫ్టు చవగ్గా కనిపిస్తుంది, ఆ వేళ బస్సు లేక ఆటో కట్టుకుంటే అదే ఖరీదవుతుంది. ఇంకా డయాలసిస్ దాకా రాని వాళ్లు నొప్పి మాత్రలు ఊరికే మింగకుండా, క్రియాటినిన్ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకుంటూ ఉంటే అదే పెద్ద పొదుపు.

ఆసుపత్రి గుమ్మంలో

ప్యాకేజీలో పడక, పరీక్షలు, మందులు, ఇంప్లాంటు, భోజనం అన్నీ ఉన్నా జనం డబ్బు కడుతున్నారంటే, ఎక్కువసార్లు మొదటి అరగంటలో తప్పు జరుగుతోంది. రాత్రి పూట ఆయాసంతో చేరారు, కౌంటర్లో "అడ్వాన్సు 20,000 కట్టండి, కార్డు సంగతి పొద్దున చూద్దాం" అన్నారు, కట్టేశారు. అక్కడితో మీరు నగదు పేషెంటు. పొద్దున ఆ కేసును కార్డులోకి మార్చడానికి వంద సాకులు. చేరేటప్పుడే ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే వైద్యమిత్రను పిలిపించండి, లేకపోతే అక్కడినుంచే 104కు ఫోన్ చేయండి. అత్యవసర కేసుకు ఫోన్ మీదే అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. అడగాల్సిన ప్రశ్న కూడా సూటిగా ఉండాలి. "కార్డు తీసుకుంటారా" అని కాదు, "ఈ జబ్బుకు ఈ ఆసుపత్రిలో ప్యాకేజీ ఉందా, ప్రీఆథ్ (ముందస్తు అనుమతి) పంపారా" అని. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉన్నా గుండె విభాగం ఉండి ఎముకల విభాగం లేకపోవచ్చు. వయ వందన కేసుకు ఫోన్ నంబరు 14555.

జబ్బు తేలకముందు చేసిన స్కానింగులు ఇంకో గుంట. జ్వరమో కళ్లు తిరగడమో అని చేరి, నాలుగు రోజులు పరీక్షలు చేసి "ఏమీ లేదు" అంటే చాలాసార్లు అది ఏ ప్యాకేజీలోకీ రాదు, బిల్లు మీదే. ఆపరేషన్ అవసరం లేని ఇలాంటి కేసులకు సర్వజన ఆసుపత్రే సరైన చోటు. రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్ లాంటి బోధనాసుపత్రులు దగ్గరైతే అక్కడి ఓపీ ఛార్జీలు ముందే అడిగి చూసుకోవచ్చు.

"మంచి రకం ఇంప్లాంటు వేస్తాం, తేడా డబ్బు కట్టండి" అంటే కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వరు. అప్పుడే తెలుస్తుంది. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. డిశ్చార్జి రోజున సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టమంటారు. డబ్బు తీసుకోలేదని ఒప్పుకుంటూ మీ చేతి మీదుగా రాసిచ్చేది అదే. డబ్బు కట్టి ఉంటే అందులో ఆ అంకె రాయకుండా వేలిముద్ర వేయించకండి, తర్వాత 104కు ఫిర్యాదు చేసినా ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది. అక్కడ పని జరక్కపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్ఎస్‌కు రసీదులు, డిశ్చార్జి కాగితం నకళ్లు, ఆధార్ పట్టుకుని వెళ్లండి. అసలు రసీదులు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. జెరాక్స్ చాలు.